పి-32తో ల్యాబ్‌లో పని: చేతులకు ముందుగా నేర్పాల్సినవి

అనంతపురం ఎర్ర నేలల్లో వేరుశనగకు సూపర్ ఫాస్ఫేట్ వేస్తాం. అందులోని భాస్వరంలో మొక్కకు అందింది ఎంత, మట్టిలోనే బిగుసుకుపోయింది ఎంత? ఆకును మామూలుగా పరీక్షిస్తే మొత్తం భాస్వరం లెక్క వస్తుంది. అది ఎరువులోదా, నేలలో ముందే ఉన్నదా అన్నది మాత్రం తేలదు. ఎరువులో కొద్దిగా రేడియోధార్మిక భాస్వరం, అంటే పి-32 కలిపితే ఆ తేడా తెలుస్తుంది. డీఎన్‌ఏ పనుల్లోనూ దశాబ్దాలుగా వాడుతున్నది దీన్నే. మీరు సీమలో ఏదో ఒక కాలేజీలోనో, యూనివర్సిటీలోనో పరిశోధన చేస్తూ మొదటిసారి దీన్ని ముట్టుకోబోతుంటే ఈ వ్యాసం మీకోసమే.

ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ ప్రయోగానికి పి-32 నిజంగా కావాలా? డీఎన్‌ఏ ప్రోబ్ పనులు చాలావరకు ఇప్పుడు ఫ్లోరసెంట్ లేబుళ్లతో అయిపోతాయి. భాస్వరమే కావాలంటే పి-33 కూడా ఉంది. అది వదిలే బీటా కణాల (వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు) గరిష్ఠ శక్తి 0.25 ఎంఈవీ (కణాల శక్తికి కొలత) మాత్రమే, అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 25 రోజులు. ఖరీదు ఎక్కువే, కానీ చేతులకు పడే డోసు (రేడియేషన్ మోతాదు) చాలా తక్కువ. దానితో పని జరిగే వీలుంటే నేను దాన్నే ఎంచుకోమంటాను. పి-32 తప్పదనుకున్నప్పుడే ముందుకు వెళ్లండి.

రెండో విషయం అనుమతి. మన దేశంలో రేడియో ఐసోటోపులను ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేకుండా తెప్పించడానికి, వాడటానికి వీల్లేదు. దరఖాస్తులు ఈ-లోరా అనే ఆన్‌లైన్ పద్ధతిలో వెళ్తాయి. మీ సంస్థకు రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. అందరూ ఆర్‌ఎస్‌ఓ అంటారు. ఇవి లేని చోట పి-32 పని మొదలుపెట్టకండి. అన్నీ ఉన్న మరో సంస్థకు వెళ్లి చేసుకోవడమే సరైన దారి. 18 ఏళ్లు నిండనివారికి ఈ పని ఇవ్వకూడదు. గర్భవతులు, గర్భం ఉందేమో అన్న అనుమానం ఉన్నవారు ఆర్‌ఎస్‌ఓకు వెంటనే చెప్పాలి. చెప్పిన దగ్గర్నుంచి కడుపులోని బిడ్డకు పడే డోసు 1 మిల్లీసీవర్టు (డోసుకు కొలత) దాటకుండా పని మార్చాల్సిన బాధ్యత సంస్థది. చెప్పడానికి మొహమాటపడాల్సిన పనే లేదు.

దేనితో పని చేస్తున్నారో తెలుసుకోండి

పి-32 అర్ధాయువు 14.3 రోజులు. బీటా కణాన్ని వదిలి మామూలు గంధకంగా మారిపోతుంది, ఆ గంధకం స్థిరమైనది. గరిష్ఠ శక్తి 1.71 ఎంఈవీ. ల్యాబ్‌లలో సాధారణంగా వాడే బీటా ఐసోటోపుల్లో ఇదే బలమైనది. గాలిలో దాదాపు 6 మీటర్లు పోతుంది. శరీరంలో 8 మిల్లీమీటర్ల లోతు దాకా దిగుతుంది. లోపలి అవయవాలను బయటి నుంచి చేరలేదు గానీ చర్మానికి, కంటి కటకానికి మాత్రం గట్టిగా తగులుతుంది.

దీన్ని ఆపడానికి సీసం వెతక్కండి. పి-32 బీటా కణాలు సీసం లాంటి బరువైన లోహంలో ఒక్కసారిగా ఆగితే వాటి శక్తిలో దాదాపు 5 శాతం ఎక్స్-రేలుగా మారి బయటికి వస్తుంది. పెర్‌స్పెక్స్ అనే పారదర్శక ప్లాస్టిక్‌లో ఆగితే ఇది అర శాతం కూడా ఉండదు. అందుకే అడ్డుగా 1 సెంటీమీటరు మందం పెర్‌స్పెక్స్ పలక పెడతారు. బీటాలన్నీ అందులోనే ఆగిపోతాయి, అటువైపు ఏం జరుగుతోందో కూడా కనిపిస్తుంది. నిల్వ ఎక్కువగా ఉన్నచోట పెర్‌స్పెక్స్ బయట పలచటి సీసం రేకు పెట్టవచ్చు. లోపల పెర్‌స్పెక్స్, బయట సీసం. ఈ వరస తిరగబడకూడదు.

ఒక మిల్లీక్యూరీ అంటే సెకనుకు 3 కోట్ల 70 లక్షల విఘటనలు. అంత పదార్థం ఉన్న ట్యూబును వేళ్లతో పట్టుకుంటే సన్నటి ప్లాస్టిక్ గోడ దాదాపు ఏమీ ఆపదు. అదే పొడవాటి ఫోర్‌సెప్స్‌తో పట్టుకుంటే, 1 సెంటీమీటరు దూరం 10 సెంటీమీటర్లయితే, వేళ్లకు తగిలేది సుమారు నూరో వంతుకు పడిపోతుంది. ఈ ఒక్క అలవాటుతో వేళ్లకు పడే డోసులో చాలా భాగం తగ్గిపోతుంది.

అయినా పి-32తో అసలు ఇబ్బంది ట్యూబు నుంచి వచ్చే కిరణాలతో కాదు. పలక వెనక ఉన్నంతసేపు వాటితో పెద్ద బెంగ లేదు. కంటికి కనిపించని చుక్క ఒకటి గ్లౌజు మీద పడితే అది పసుపు అంటిన చేయిలా తాకినచోటల్లా అంటుకుంటూ పోతుంది. పెన్ను, నోటుబుక్కు, ఫ్రీజర్ హ్యాండిల్, ఫోను, చివరికి మొహం. చర్మం మీద ఒక చదరపు సెంటీమీటరులో ఒక్క మైక్రోక్యూరీ (మిల్లీక్యూరీలో వెయ్యో వంతు) పడి, చూసుకోకుండా రోజంతా ఉండిపోతే, చర్మానికి ఏడాదికి పెట్టిన 500 మిల్లీసీవర్టుల పరిమితి ఆ ఒక్క రోజులోనే దాటిపోవచ్చు. ఇక్కడ చెప్పే పద్ధతులన్నీ ఆ చుక్క తప్పించుకోకుండా చూడటానికే.

మీటరును పొటాష్‌తో నేర్చుకోండి

చుక్కను చూపించేది జీఎం (గైగర్-ముల్లర్) సర్వే మీటరు, రేడియేషన్ తగిలినప్పుడల్లా చప్పుడు చేసే పరికరం. దాని ప్రోబ్‌కు, అంటే రేడియేషన్‌ను పట్టే భాగానికి, సన్నటి అభ్రకం కిటికీ ఉంటే పి-32ని బాగా పట్టేస్తుంది. దీన్ని ఐసోటోపు వచ్చిన రోజు మొదటిసారి పట్టుకుంటే లాభం లేదు. ముందుగా నేర్చుకోవడానికి ఒక మంచి వస్తువు మన ఎరువుల కొట్లోనే ఉంది, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్. ప్రకృతిలోని పొటాషియం అంతటిలోనూ కొద్దిగా పొటాషియం-40 ఉంటుంది. దాని బీటాల గరిష్ఠ శక్తి 1.31 ఎంఈవీ, పి-32కి అంత దూరమేమీ కాదు. కిలో పొటాష్‌లో సెకనుకు దాదాపు 15 వేల విఘటనలు జరుగుతుంటాయి. పొలంలో రైతు చేత్తో చల్లే ఎరువే ఇది, భయపడాల్సింది కాదు.

పొటాష్‌ను వెడల్పాటి పళ్లెంలో పలచగా పరవండి. మీటరు ఆన్ చేసి బ్యాటరీ చూడండి, శబ్దం పెట్టండి. ముందు పళ్లానికి దూరంగా ఒక నిమిషం బ్యాక్‌గ్రౌండ్ (చుట్టూ ఎప్పుడూ ఉండే రేడియేషన్ లెక్క) రాసుకోండి. గ్రానైట్ పరిచిన బెంచి మీద అది కాస్త ఎక్కువ రావచ్చు. గ్రానైట్‌లో యురేనియం, థోరియం, పొటాషియం కొద్దిగా ఉంటాయి కాబట్టి కంగారు పడకండి. ఇప్పుడు ప్రోబ్‌ను పళ్లెం మీద ఒక సెంటీమీటరు ఎత్తులో, తగలకుండా, నెమ్మదిగా జరపండి. చప్పుళ్లు దగ్గరపడతాయి. అదే వేగంగా ఊపి చూడండి, తేడా దాదాపు తెలియదు. చాలామంది చేతుల్ని చెక్ చేసుకునేది అలాగే, అర సెకనులో ఊపేసి. తర్వాత పళ్లానికీ ప్రోబ్‌కూ మధ్య ఒక కాగితం పెట్టండి, ఆపైన నోటుబుక్కు, ఆపైన పెర్‌స్పెక్స్ పలక. పలక పెట్టగానే లెక్క బాగా పడిపోతుంది. కొంచెం మిగులుతుంది, అది పొటాషియం-40 వదిలే గామా కిరణాలది. పి-32లో గామా లేదు.

ఇంకొక మాట. ఈ మీటరు ట్రిషియాన్ని, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్‌ను, అసలు పట్టలేదు. ఆ బీటాల శక్తి 0.0186 ఎంఈవీ మాత్రమే, కిటికీ దాటి లోపలికి రావు. మీ ల్యాబ్‌లో ట్రిషియం పని కూడా జరుగుతుంటే మీటరు మౌనంగా ఉందని నమ్మకండి. తడి ఫిల్టర్ కాగితంతో తుడిచి లిక్విడ్ సింటిలేషన్ కౌంటర్‌లో (కణాలు ద్రవంలో పుట్టించే వెలుగును లెక్కించే యంత్రం) పెట్టి చూడాల్సిందే.

ఐసోటోపు లేకుండా ఒకసారి మొత్తం చేయండి

దీన్ని కోల్డ్ రన్ అంటారు. నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన గంట ఇదే, జనం ఎగ్గొట్టేదీ దీన్నే. మెడికల్ షాపులో దొరికే బీ-కాంప్లెక్స్ మాత్ర ఒకటి నీళ్లలో నలిపి కరిగించండి. అందులోని రైబోఫ్లావిన్ యూవీ వెలుగులో పసుపుపచ్చగా మెరుస్తుంది. దొంగనోట్లు చూసే చిన్న యూవీ టార్చ్ చాలు. ఈ నీళ్లనే పి-32 అనుకుని గ్లౌజులు, కోటు, పలక, ట్రే అన్నీ పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చేయండి. ట్యూబు తెరవడం, పిపెట్ చేయడం, సెంట్రిఫ్యూజ్, టిప్పు పారేయడం, అన్నీ.

అయ్యాక గదిలో లైటు ఆపి టార్చ్ వేయండి. మొదటిసారి చేసినవారి బెంచి చూస్తే తెలుస్తుంది. ట్యూబు మూత లోపలి అంచున ఒక మెరుపు. ఆ మూతను తెరిచిన బొటనవేలి మీద ఇంకొకటి. పిపెట్ కడ్డీ మీద ఒకటి. టిప్పును డబ్బాలో వేస్తున్నప్పుడు అంచుకు తగిలి ట్రే బయట పడ్డ సన్నటి చుక్కలు. కళ్లజోడు సర్దుకున్నచోట మరొకటి. ఇవన్నీ నిజంగా పి-32 అయి ఉండేవి. మెరుపు లేకుండా పని పూర్తయ్యేదాకా కోల్డ్ రన్ మళ్లీ చేయండి.

మూత అంచు సంగతికి పరిష్కారం తేలికే. తెరిచే ముందు ప్రతిసారీ ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో కొన్ని సెకన్లు తిప్పితే మూతకు అంటిన ద్రవం అడుగుకు దిగుతుంది. తెరిచేటప్పుడు మూత ఒక్కసారిగా ఎగిరి తుంపర పడకుండా మూత తెరిచే సాధనం వాడండి. ఫిల్టర్ ఉన్న టిప్పులే వాడండి. నోటితో పిపెట్ చేయడం అన్నది ఏ ల్యాబ్‌లోనూ ఉండకూడదు.

సరుకు వచ్చిన రోజు

పి-32 తగిలించిన న్యూక్లియోటైడ్‌లు (డీఎన్‌ఏలోని చిన్న భాగాలు) బ్రిట్ అనే కేంద్ర ప్రభుత్వ ఐసోటోపుల సంస్థకు చెందిన హైదరాబాద్‌లోని జొనాకి కేంద్రం నుంచి వస్తాయి. హైదరాబాద్ నుంచి 44వ నంబరు హైవే మీద కర్నూలు దాటి అనంతపురం చేరేసరికి దాదాపు 360 కిలోమీటర్లు. డ్రై ఐస్‌లో వచ్చే సరుకు మే నెల ఎండలో దారిలో ఆగిపోతే ఐస్ మిగలదు. కాబట్టి రవాణా ఎప్పుడు బయల్దేరుతుందో కనుక్కుని, ప్యాకెట్ అందుకునే మనిషి పేరు ముందే చెప్పి ఉంచండి. గేటు దగ్గర సెక్యూరిటీ బల్ల మీద, ఆఫీసు బీరువా పక్కన పెట్టి వెళ్లే పరిస్థితి రానివ్వద్దు. శుక్రవారం సాయంత్రం వచ్చేలా ఆర్డరు పెట్టకండి.

ప్యాకెట్‌ను గ్లౌజులతో తీసుకుని, బయటంతా మీటరు పెట్టి చూసి, తుడిచిన కాగితం కూడా లెక్కించి, అప్పుడు తెరవండి. రిజిస్టరులో పరిమాణం, తేదీ రాయండి. ఆర్డరు పెట్టేటప్పుడే లెక్క వేసుకోవాలి: వారం ఆలస్యమైతే 71 శాతమే మిగులుతుంది, నెల గడిస్తే 23 శాతం. పోతుందేమోనని రెట్టింపు తెప్పించకండి. ప్రయోగం తేదీ ఖాయం చేసుకుని ఆర్డరు పెట్టండి.

ఫ్రీజర్ మీద రేడియేషన్ గుర్తు, తాళం రెండూ ఉండాలి. అందులో మంచినీళ్ల సీసా, మజ్జిగ ప్యాకెట్ లాంటివి ఎప్పుడూ పెట్టకూడదు. కరెంటు పోయి ఫ్రీజర్ కరిగిపోతే లోపలి పెట్టె ఒలకకుండా దాన్ని మూత గట్టిగా పడే ఇంకో డబ్బాలో పెట్టండి.

పని మొదలుపెట్టడం

మా ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో ఈ పని ఉదయం ఏడింటికే మొదలుపెట్టమని చెబుతాను. పదకొండు దాటాక గదిలో చెమట కారుతుంది. గ్లౌజు లోపల చేయి తడిసి జారుతుంది. నుదుటి చెమట తుడుచుకోవడానికి చేయి దానంతటదే మొహం మీదికి పోతుంది. సీలింగ్ ఫ్యాన్ వేస్తే ట్రేలోని కాగితం, పొడి ఎగురుతాయి. ఏసీ గదో, ఉదయపు చల్లదనమో చూసుకోండి. నుదుటికి చేతిగుడ్డ ముందే కట్టుకోండి.

ఒంటి మీద ఏముండాలంటే: పూర్తి చేతుల కోటు, కాళ్లు మూసే బూట్లు, కళ్లజోడు, రెండు జతల గ్లౌజులు. లోపలి గ్లౌజు అంచు కోటు చేతి కింద, బయటిది కోటు చేతి మీద ఉండాలి. అప్పుడు మణికట్టు కనిపించదు. ఛాతీ దగ్గర టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటికి పడిన డోసును నమోదు చేసేది), వేలికి రింగ్ టీఎల్‌డీ. రింగు గ్లౌజు లోపల, అరచేతి వైపు తిరిగి ఉండాలి, ట్యూబు ఉండేది అటే కాబట్టి. బ్యాడ్జిని పని అయ్యాక కోటుకు తగిలించి కోటును ఐసోటోపు గదిలో వదలకండి. ఎండలో నిలబెట్టిన బైకు డిక్కీలోనూ పెట్టకండి. వేడికి అందులోని బిళ్లల్లో నమోదైంది చెరిగిపోతుంది, మీ డోసు లెక్క తప్పుతుంది. ఇంటికి తీసుకెళ్లకుండా ల్యాబ్ బయట కంట్రోలు బ్యాడ్జి (ఎవరూ పెట్టుకోకుండా, పోల్చి చూడటానికి ఉంచేది) ఉన్నచోటే ఉంచండి.

ఫోను గది బయటే. పెన్ను, నోటుబుక్కు గదిలోవి గదిలోనే ఉండిపోవాలి. ఒక్కరే చేయకండి. రెండో మనిషి పి-32 ముట్టుకోకుండా పక్కన ఉండి తలుపు తీయడం, రాయడం, మీటరు చూడటం చేయాలి. బెంచి మీద ప్లాస్టిక్ వైపు కిందికి, పీల్చే వైపు పైకి ఉండేలా కాగితం పరిచి, దాని మీద అంచున్న ట్రే. పని అంతా ట్రేలోనే జరగాలి.

సీసా ఫ్రీజర్లోంచి తీసినా, కరిగినా, తెరిచినా పలక వెనకనే. తెరిచిన సీసా మూతి మీదికి చేయి గానీ, మొహం గానీ రాకూడదు. అన్నిటికంటే డోసు ఎక్కువ ఉండేది అక్కడే, సీసా గోడ ఆపినంత కూడా అక్కడ ఏదీ ఆపదు. పిపెట్ ముగిసిన ప్రతి దశ తర్వాత బయటి గ్లౌజు వేళ్లను మీటరు ముందు పెట్టండి. మీటరును ఆన్ చేసి కుడిచేతికి అందే దూరంలో, అడ్డుకు అవతల ఉంచుకోండి. చప్పుడు పెరిగితే బయటి గ్లౌజు మార్చండి. పెరగకపోయినా ఇరవై నిమిషాలకోసారి మార్చేయండి, గ్లౌజు చవకే.

మొక్కలకు ఇచ్చే ప్రయోగమైతే పని బెంచితో ఆగదు. కుండీల కింద పాలిథీన్ పరిచిన ట్రే ఉండాలి, నీరు కుండీ అడుగు నుంచి కారకుండా కొలిచి పోయాలి. మట్టి ఎండితే దుమ్ము లేస్తుంది కాబట్టి పైపొరను తడిగా ఉంచండి. ఎలుకలు, ఉడతలు రాకుండా మెష్ కట్టండి. వేరుశనగ వాసనకి అవి తప్పకుండా వస్తాయి. కోసిన ఆకు, తీసిన కాయ, వేర్లకు అంటిన మట్టి అన్నీ రేడియోధార్మిక వ్యర్థాలే. ఒక్క కాయ కూడా బయటికి పోకూడదు.

ఒలికితే

ముందు చేయి ఆపండి. అక్కడే నిలబడి పక్కవారికి గట్టిగా చెప్పండి. పరుగెత్తి బయటికి పోతే బూట్లతో పాటు చుక్క కూడా కారిడార్‌లోకి వస్తుంది. పీల్చే కాగితం ఒలికినదాని మీద కప్పండి. చాక్‌తో కాస్త దూరంగా గీత గీసి ఎవరినీ లోపలికి రానివ్వకండి. ఆర్‌ఎస్‌ఓకు కబురు చేయండి. తుడిచేటప్పుడు అంచు నుంచి మధ్యకు తుడవాలి, మధ్య నుంచి అంచుకు కాదు. ఒకసారి వాడిన కాగితం మళ్లీ వాడకూడదు. ప్రతి తుడుపు తర్వాత మీటరు చూడండి. ఎంత తుడిచినా లెక్క తగ్గకపోతే ఆ చోట 1 సెంటీమీటరు పెర్‌స్పెక్స్ కప్పి, తేదీ రాసి వదిలేయండి. రెండు వారాలకు సగం, నెలకు పావు కంటే తక్కువ అవుతుంది.

చర్మం మీద పడితే గోరువెచ్చటి నీళ్లు, మామూలు సబ్బు, మెత్తటి గుడ్డ. వేడినీళ్లు వద్దు, బ్రష్షుతో రుద్దడం వద్దు, చర్మం గీరుకుంటే లోపలికి పోతుంది. రెండు మూడు నిమిషాలు కడిగి ఆరబెట్టి మీటరు పెట్టి చూడండి, మళ్లీ కడగండి. చర్మం ఎర్రబడుతుంటే ఆపి ఆర్‌ఎస్‌ఓ చెప్పేది వినండి. ఎంత చోట, ఎంత రీడింగు, ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు పోయిందో రాసి పెట్టండి, చర్మం డోసు లెక్కించేది వాటితోనే. కోటు మీద పడితే విప్పి సంచిలో వేసి తేదీ రాయండి. దాచిపెట్టేవారు ఉంటారు, గైడు తిడతారనో, ప్రయోగం ఆగిపోతుందనో. గైడ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఒలికిందని వచ్చి చెప్పిన విద్యార్థిని తిట్టారంటే తర్వాత ఒలికినప్పుడు ఇంకెవరూ చెప్పరు.

ఇంట్లోవాళ్లకు చెప్పడం

కడప, పులివెందుల వైపు తుమ్మలపల్లె యురేనియం గని ఉంది కాబట్టి రేడియేషన్ అన్న మాట ఇంట్లో పడగానే టెన్షన్ మొదలవుతుంది. అమ్మ నేరుగా అడుగుతుంది, నీ బట్టలతో పాటు మాకూ అంటుతుందా అని. నిజం చెప్పండి. యురేనియం వందల కోట్ల ఏళ్లు ఉండే పదార్థం, పి-32 కొన్ని నెలల్లో దాదాపు ఉండదు. పని అయ్యాక చేతులు, బూట్ల అడుగులు, కోటు, మొహం మీటరు పెట్టి చూసుకునే బయటికి వస్తున్నాను, నా డోసు బ్యాడ్జిలో నమోదవుతోంది అని చెప్పండి. ఈ మాట ధైర్యంగా చెప్పగలగాలంటే ఆ చెకింగ్ రోజూ నిజంగా జరగాలి.

పని అయ్యాక, వ్యర్థాలు

ట్రే, పలక రెండువైపులా, పిపెట్, సెంట్రిఫ్యూజ్ లోపల, ఫ్రీజర్ హ్యాండిల్, సింకు, నేల మీటరు పెట్టి చూడండి. నూరు చదరపు సెంటీమీటర్ల చోటును తడి ఫిల్టర్ కాగితంతో తుడిచి సింటిలేషన్ కౌంటర్‌లో లెక్కించి రాయండి. పి-32కి ఒక సౌకర్యం ఉంది. దాని బీటాలు నీళ్లలో చాలా వేగంగా పోతూ చెరెంకోవ్ వెలుగు అనే సన్నటి నీలి వెలుగు పుట్టిస్తాయి. అందుకని కాక్‌టెయిల్ (కౌంటర్‌లో వెలుగు కోసం కలిపే ద్రవం) లేకుండా ఉత్త నీళ్లలో వేసి కూడా లెక్కించవచ్చు, ఖర్చు తగ్గుతుంది.

వ్యర్థాల్లో పొడివి వేరు, ద్రవాలు వేరు, సూదులు బ్లేడ్లు వేరు. పి-32తో వేరే ఐసోటోపు కలపకండి. కార్బన్-14 కొంచెం పడ్డా దాని అర్ధాయువు 5,700 ఏళ్లు, ఇక ఆ డబ్బా మొత్తం ఎప్పటికీ పారేయలేరు. పెర్‌స్పెక్స్ డబ్బాలో వేసి, ఐసోటోపు పేరు, పరిమాణం, మూసిన తేదీ రాసి తాళం వేసిన గదిలో పెట్టండి. పది అర్ధాయువులు, అంటే 143 రోజులు గడిస్తే వెయ్యో వంతు మిగులుతుంది. మొదట్లో ఎక్కువ ఉంటే ఇంకా ఆగాలి. అప్పుడు డబ్బా తెరిచి, అడ్డు ఏదీ లేకుండా, గదిలో తక్కువ బ్యాక్‌గ్రౌండ్ ఉన్నచోట మీటరు పెట్టి చూడండి. బ్యాక్‌గ్రౌండ్‌తో సమానంగా ఉండి, ఆర్‌ఎస్‌ఓ ఒప్పుకుంటే మామూలు ల్యాబ్ చెత్తగా పంపవచ్చు. ద్రవాలను సింకులో పోయడం మీ అనుమతి పత్రంలో రాసిన పరిమితి లోపలే, ఆ పనికి కేటాయించిన సింకులోనే.

పంపే ముందు ప్రతి సంచి మీద, సీసా మీద ఉన్న రేడియేషన్ గుర్తును చింపేయండి లేదా నల్ల ఇంకుతో పూర్తిగా కొట్టేయండి. మున్సిపాలిటీ చెత్తలో ఆ గుర్తు కనిపిస్తే ఊరంతా గగ్గోలు అవుతుంది, ఆ చెత్త ఏరే మనిషికి అందులో ఏముందో తెలియదు. రిజిస్టరులో డబ్బా నంబరు, రీడింగు, తేదీ, మీ సంతకం, ఆర్‌ఎస్‌ఓ సంతకం ఉండాలి.